గల్ఫ్‌లో విమానం మారాక అమ్మానాన్నలు చేరారు, సూట్‌కేసు చేరలేదు. ఇప్పుడు ఏం చేయాలి?

కృష్ణలంక:

అందరికీ నమస్కారం. సాయం కావాలి, కొంచెం తొందరగా.

మా అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి గల్ఫ్‌లో మారి డాలస్ వచ్చారు. మొత్తం ఒకటే టికెట్టు, ఒకటే పీఎన్‌ఆర్. శంషాబాద్‌లోనే విమానం రెండు గంటలకు పైగా ఆలస్యమైంది. గల్ఫ్‌లో దిగేసరికి డాలస్ విమానానికి బోర్డింగ్ నడుస్తోంది. ఎయిర్‌లైన్ తరఫున ఒకాయన బోర్డు పట్టుకుని నిలబడి, వీళ్లని పక్క లైన్లోంచి తీసుకెళ్లి చివరి నిమిషంలో ఎక్కించాడట. నాన్నకి మోకాళ్ల నొప్పులు. ఆయనే లేకపోతే విమానం తప్పిపోయేది.

డాలస్‌లో నాలుగు సూట్‌కేసులకి మూడే వచ్చాయి. రాని దాంట్లోనే అమ్మ షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, చెల్లి సీమంతానికి తెచ్చిన చీరలు ఉన్నాయి. కౌంటర్లో అమ్మాయి ఒక చీటీ ఇచ్చి "ఫోన్ చేస్తాం" అని పంపేసింది. చీటీ మీద ఐదు అక్షరాలు, ఐదు అంకెలు కలిపి ఒక నంబరు ఉంది. ఇంతవరకు ఫోన్ రాలేదు. అమ్మ చేతి సంచిలో ఉన్న మాత్రలు రేపటితో అయిపోతాయి.

ఎన్నాళ్లు ఆగాలి? ఈలోపు కొన్నవాటికి డబ్బులిస్తారా? శంషాబాద్ ఆలస్యానికి విడిగా ఏమైనా వస్తుందా?

ఇర్వింగ్ అక్క:

ముందు మందుల సంగతి చూడండి, బ్యాగు తర్వాత. నేను ఇక్కడ ఫార్మసీలో పనిచేస్తాను. ఇండియా ప్రిస్క్రిప్షన్ ఇక్కడ చెల్లదు. దాని ఫోటోనో, ఖాళీ మాత్రల అట్ట ఫోటోనో దగ్గర పెట్టుకుని టెలిహెల్త్‌లో గానీ అర్జెంట్ కేర్‌లో గానీ డాక్టరుకి చూపించండి. బ్రాండ్ పేరు చెబితే వాళ్లకి అర్థం కాదు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, మిల్లీగ్రాములు చదివి చెప్పండి. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ లాంటివైతే ఇక్కడ జెనెరిక్‌లో చవగ్గానే దొరుకుతాయి. మాత్రలు అయిపోయేదాకా ఆగకండి, ఈ రోజే చూపించండి. డాక్టరు ఫీజు రసీదు, ఫార్మసీ రసీదు రెండూ దాచండి.

మోడరేటర్:

కృష్ణలంక గారూ, మీరు పెట్టిన బోర్డింగ్ పాస్ ఫోటో తీసేశాను. పీఎన్‌ఆర్, ఇంటిపేరు తెలిస్తే ఎవరైనా మీ బుకింగ్‌లోకి వెళ్లొచ్చు. బ్యాగు ట్యాగు నంబరు కూడా ఇక్కడ పెట్టకండి.

ర్యాంప్ డ్యూటీ:

అన్నా, నేను గల్ఫ్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో బ్యాగేజీ సెక్షన్‌లో ఉంటాను. కంపెనీ పేరు చెప్పలేను. లోపల ఏం జరుగుతుందో చెబితే మీకు కొంచెం ధైర్యం వస్తుంది.

మీ చేతిలో ఉన్న చీటీయే పీఐఆర్, అంటే బ్యాగు రాలేదని రాసుకున్న ఫిర్యాదు. ఆ నంబరులో మొదటి మూడు అక్షరాలు ఎయిర్‌పోర్టువి, తర్వాత రెండు ఎయిర్‌లైన్‌వి, మిగతా ఐదు అంకెలు మీ ఫైలువి. అది వచ్చిందంటే మీ బ్యాగు వివరాలు వరల్డ్ ట్రేసర్ సిస్టమ్‌లోకి ఎక్కినట్టే. ప్రపంచంలో చాలా ఎయిర్‌పోర్టులు, ఎయిర్‌లైన్‌లు అందులోనే వెతుకుతాయి. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లో ఆ నంబరు కొట్టి చూడండి. రంగు, బ్రాండు, మీద కట్టిన రిబ్బను, లోపల ప్రత్యేకంగా కనిపించే వస్తువు ఏదైనా ఉంటే రాయండి. "నల్ల సూట్‌కేసు" అని మాత్రం రాసి ఊరుకోకండి, మా గోడౌన్‌లో వరసగా ఉండేవన్నీ నల్లవే. "పైన ఎర్ర పట్టుచీర, స్టీలు డబ్బా, పసుపు గుడ్డ మూట" అని రాస్తే ట్యాగు ఊడిపోయినా తెరిచి పోల్చుకోగలం.

ఇక ఎందుకు ఆగిపోయిందంటే... మనిషి ఒక గేటులోంచి ఇంకో గేటుకి పరిగెత్తి వెళ్లిపోగలడు. బ్యాగుకి అంత సులువు కాదు. ముందు హోల్డులోంచి, అంటే విమానం పొట్టలోంచి, కంటైనర్ దించాలి. ట్రాక్టర్ మీద ట్రాన్స్‌ఫర్ బెల్టు దాకా తేవాలి. ఒక్కో బ్యాగునీ చేత్తో ఎత్తి బెల్టు మీద వెయ్యాలి. మళ్లీ ఎక్స్‌రే. అక్కడ స్కానర్ ట్యాగు చదివితే, బ్యాగుల్ని విడదీసే యంత్రం సార్టర్ దాన్ని సరైన చ్యూట్‌లోకి, అంటే జారుడు దారిలోకి తోస్తుంది. చ్యూట్ దగ్గర మనిషి మళ్లీ స్కాన్ చేసి అమెరికా కంటైనర్‌లో సర్దుతాడు. ప్రయాణికుల తలుపు మూయడానికి చాలా ముందే ఆ కంటైనర్ మూసి విమానం కిందికి పంపేస్తారు. ట్యాగు నలిగితే, లేదా పాత ప్రయాణం స్టిక్కరు ఇంకా అతుక్కుని ఉంటే, స్కానర్ తికమకపడి పక్కకి తోసేస్తుంది. అక్కడ మనిషి వచ్చి చేత్తో చదివేదాకా ఆ బ్యాగు అలాగే ఉంటుంది.

టైము తక్కువున్న బ్యాగుల్ని సార్టర్‌లో వెయ్యకుండా విమానం నుంచి విమానానికి నేరుగా బండి మీద తోలుకెళ్తాం. మీ మూడు బ్యాగులూ అలా వెళ్లుంటాయని నా అంచనా. నాలుగోది వేరే కంటైనర్‌లో పడి ఉంటుంది. తెల్లవారుజామున ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి విమానాలు వరసపెట్టి దిగుతాయి. పొద్దున్నే అమెరికా, యూరప్ విమానాలు వరసపెట్టి లేస్తాయి. హబ్, అంటే విమానాలు మారే పెద్ద ఎయిర్‌పోర్టు, నడిచేదే ఈ పద్ధతి మీద. ఒక వరస ఆలస్యమైతే రెండో వరసకి బ్యాగులు మిగిలిపోతాయి.

2024లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 కోట్ల 34 లక్షల బ్యాగులు ఇలా తేడా పడ్డాయని విమానయాన రంగానికి ఐటీ సేవలిచ్చే సీటా సంస్థ లెక్క. అంటే వెయ్యి మంది ప్రయాణికులకి 6.3. ఆలస్యమైన వాటిలో 41 శాతం విమానం మారే చోట తేడా వచ్చినవే. తేడా పడ్డ బ్యాగుల్లో మూడింట రెండు వంతులు 48 గంటల్లోనే తేలిపోతాయి. కాబట్టి మీది దొరికే అవకాశమే ఎక్కువ.

కోనసీమ కుర్రాడు:

ప్రయాణికుడు లేకుండా బ్యాగు విమానంలో పెట్టకూడదంటారు కదా? మరి తర్వాతి ఫ్లైట్‌లో ఒంటరిగా ఎలా పంపుతారు?

ర్యాంప్ డ్యూటీ:

మంచి ప్రశ్న తమ్ముడూ. తనంతట తాను ఎక్కకుండా ఉండిపోయిన మనిషి బ్యాగుని పంపకూడదన్నది ఆ నియమం. మా తప్పు వల్ల ఆగిపోయిన బ్యాగు వేరు. దాన్ని మళ్లీ తనిఖీ చేసి, "రష్" అని ట్యాగు కట్టి పంపుతాం.

ఆ నియమం ఊరికే రాలేదు. 1985 జూన్ 23న ఎయిరిండియా 182 "కనిష్క" ఐర్లాండ్ తీరం దగ్గర సముద్రం మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబున్న సూట్‌కేసుని వాంకోవర్‌లో చెకిన్ చేసిన మనిషి విమానం ఎక్కనే లేదు. బ్యాగు మాత్రం టొరంటోలో మారి వెళ్లిపోయింది. అదే రోజు టోక్యో నరిటాలో ఇంకో బ్యాగు పేలి ఇద్దరు బ్యాగేజీ కార్మికులు చనిపోయారు. మాలాంటి పని చేసుకునేవాళ్లే. 1988లో లాకర్‌బీ మీద పాన్ ఆమ్ 103లోనూ తోడు మనిషి లేని బ్యాగే.

అందుకే చెకిన్ చేసిన ప్రయాణికుడు గేటుకి రాకపోతే, నిండిన హోల్డు మళ్లీ తెరిచి అతని బ్యాగు వెతికి దించుతాం. దానివల్ల విమానం ఆలస్యమైతే ప్రయాణికులు మమ్మల్ని తిట్టుకుంటారు. కానీ అది దించకుండా విమానం కదలనివ్వకూడదు, ఈ విషయంలో నేను రాజీపడను.

బెజవాడ వకీలు:

కృష్ణలంక గారూ, మన ఊరివారే అన్నమాట. చట్టం వైపు నుంచి చెబుతాను.

మీది అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి 1999 నాటి మాంట్రియల్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం వర్తిస్తుంది. ఇండియా అందులో 2009లో చేరింది, అమెరికా, గల్ఫ్ దేశాలు కూడా ఉన్నాయి. బ్యాగు ఆలస్యమైనా, పాడైనా, పోయినా ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్ దాకా బాధ్యత ఎయిర్‌లైన్‌దే. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క. డాలర్లలో సుమారు రెండు వేలు. 2024 డిసెంబరు 28కి ముందు ఇది 1,288 ఉండేది. చాలా వెబ్‌సైట్లలో ఇంకా పాత అంకెలే ఉన్నాయి, చూసి మోసపోకండి.

ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే, అడగ్గానే అంతా ఇచ్చేస్తారని కాదు. మీకు నిజంగా జరిగిన నష్టం చూపించాలి. డాక్టరు ఫీజు, మందులు, అమ్మగారికి కొన్న రెండు జతల బట్టలు, ఇవన్నీ న్యాయమైన ఖర్చులే. రోజుకింత అని కన్వెన్షన్‌లో ఎక్కడా లేదు. "రోజుకి ఇంతే ఇస్తాం" అంటే అది వాళ్ల సొంత పద్ధతి, చట్టం కాదు.

గడువులు గుర్తుంచుకోండి. బ్యాగు ఆలస్యంగా అందితే, అందిన రోజు నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పాడై వస్తే 7 రోజులే. రావలసిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్కగట్టి పరిహారం అడగొచ్చు. కోర్టుకి వెళ్లడానికి రెండేళ్లు. కౌంటర్లో ఇచ్చిన పీఐఆర్ ఒక్కటే సరిపోతుందని అనుకోవద్దు. రాతలో విడిగా ఈమెయిల్ పెట్టండి, రుజువు ఉంటుంది.

శంషాబాద్ ఆలస్యం గురించి: మన దేశంలో విమానాల మీద నియంత్రణ చేసే డీజీసీఏ నియమాల్లో రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణానికి మూడు గంటలు ఆలస్యమయ్యేట్టుంటే భోజనం, ఫలహారం ఇవ్వాలి. మీది రెండు గంటల చిల్లర కాబట్టి అది వర్తించదు. కేవలం ఆలస్యానికే నగదు ఇచ్చే నియమం మన దగ్గర లేదు.

డల్లాస్ బాబాయ్:

600 యూరోలు వస్తాయని నా ఫ్రెండ్ చెప్పాడు?

బెజవాడ వకీలు:

అది యూరప్ నియమం బాబాయ్, 261/2004. యూరప్ ఎయిర్‌పోర్టు నుంచి మొదలయ్యే ప్రయాణాలకి, యూరప్ ఎయిర్‌లైన్‌లో యూరప్‌కి వెళ్లే ప్రయాణాలకి వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి గల్ఫ్ ఎయిర్‌లైన్‌లో గల్ఫ్ మీదుగా డాలస్ వస్తే అందులోకి రాదు.

జగిత్యాల గల్ఫన్న:

నమస్తే అందరికి. ఇదంత చదువుతుంటె నాకు ఒకటి అడగాలె అనిపించింది.

నేను గల్ఫ్‌ల పని చేస్త. పోయిన వారం ఇంటికొచ్చిన. మాలాంటోళ్లకు సూట్‌కేసులు యాడియి, కార్టన్ డబ్బలే. టేపు సుట్టి, తాడుతోని జల్లెడ లెక్క అల్లి, మార్కరుతోని నలుదిక్కుల పేరు, ఊరు, ఫోన్ నంబరు రాస్తం. నాయి రెండు డబ్బలు. శంషాబాద్‌ల ఒక్కటే వచ్చింది. రాని డబ్బల అవ్వకు తెచ్చిన మందం దుప్పటి, బిడ్డకు స్కూల్ బ్యాగు, బూట్లు, ఇంటోళ్లకు సబ్బులు, పాలపొడి ఉన్నయి. రెండేండ్లు ఒక్కొక్కటి కొని పెట్టినయి.

కౌంటర్ మీద అడిగితె "రేపు ఫోన్ చెయ్యి" అన్నరు. కాయితం ఏం ఇయ్యలే. ఊరికి నాలుగైదు గంటల తొవ్వ, బయట ఆటో మాట్లాడుకున్నోళ్లు నిలబడ్డరు, వచ్చేసిన. ఇప్పుడు ఫోన్ చేస్తె ఇంగ్లీషుల మాట్లాడుతున్నరు, నంబరు చెప్పుమంటున్నరు. ఏ నంబరు చెప్పాలె? నా దగ్గర ఆ నంబరే లేదు. కార్టన్ డబ్బకు కూడ పైసలిస్తరా?

బెజవాడ వకీలు:

అన్నా, మీ డబ్బాకీ డాలస్ సూట్‌కేసుకీ చట్టంలో తేడా లేదు. అట్టపెట్టె అయినా, తోలు పెట్టె అయినా వాళ్లు ట్యాగు వేసి తీసుకున్నారంటే బాధ్యత వాళ్లదే.

టికెట్టు కాగితం వెనకో, బోర్డింగ్ పాస్ వెనకో చిన్న స్టిక్కరు అంటించి ఉంటుంది, పది అంకెలతో. అదే మీ బ్యాగు ట్యాగు నంబరు. రెండు డబ్బాలంటే రెండు స్టిక్కర్లు ఉండాలి. వచ్చిన డబ్బా మీద ఉన్న నంబరు ఏదో చూసుకోండి, రెండోది రానిదాన్ది. అది దొరికితే పీఐఆర్ లేకపోయినా మీ దగ్గర ఆధారం ఉన్నట్టే. అసలు రానేరాని సామానుకి కన్వెన్షన్‌లో ఫిర్యాదు గడువు పెట్టలేదు, కేసుకి రెండేళ్ల గడువు ఒక్కటే ఉంది. అయినా రోజులు గడిచేకొద్దీ వెతకడం కష్టం, కాబట్టి ఈ రోజే రాయాలి.

ఇంకొకటి. మధ్యలో ఎయిర్‌లైన్ మారిందా? ఒకే టికెట్టు మీద ఇద్దరు తీసుకొస్తే మొదటివాళ్లని అడగొచ్చు, చివరివాళ్లని అడగొచ్చు, ఎవరి చేతిలో పోయిందో వాళ్లనీ అడగొచ్చు. "మా దగ్గర పోలేదు" అని చేతులు దులుపుకోవడం కుదరదు.

జగిత్యాల గల్ఫన్న:

స్టిక్కర్లు ఉన్నయి సార్! పాస్‌పోర్టు కవర్ల రెండు దొరికినయి. ఎయిర్‌లైన్ ఒక్కటే. మెయిలు రాసుడే నాతోని కాదు.

కృష్ణలంక:

అన్నా, మెయిలు నేను రాస్తాను. రెండు స్టిక్కర్ల ఫోటోలు, టికెట్టు నాకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి, ఇక్కడ పెట్టకండి. డబ్బాలో ఏమేం ఉన్నాయో గుర్తున్నంతవరకు మీ భాషలోనే చెప్పండి, వాయిస్ మెసేజ్ అయినా చాలు. మీ ఈమెయిల్ ఐడీ నుంచే వెళ్లేలా చూద్దాం.

ర్యాంప్ డ్యూటీ:

గల్ఫన్నా, డబ్బా మీద తాడు ఏ రంగుది, పేరు తెలుగులో రాశారా ఇంగ్లీషులోనా, అది కూడా చెప్పండి. కార్టన్లకి వచ్చే ఇబ్బందేమిటంటే, ట్యాగు అంటించే పిడి ఉండదు. తాడుకి చుట్టిన ట్యాగు బెల్టు మూలల్లో ఇరుక్కుని చిరిగిపోతుంది. అలా ట్యాగులేని డబ్బాలు మా దగ్గర ఒక మూల పేర్చి ఉంటాయి. వాటి మీద మార్కరుతో రాసిన ఫోన్ నంబరు చూసి నేనే ఎన్నోసార్లు ఫోన్లు చేశాను. వచ్చేసారి ఒక కాగితం మీద పేరు, ఇండియా నంబరు, ఊరు రాసి డబ్బా లోపల కూడా అన్నిటికంటే పైన పెట్టండి.

విశాఖ ఎల్లమ్మతోట:

ఇండియా లోపల తిరిగేవాళ్లకి కూడా ఒక మాట. దేశీయ ప్రయాణానికి మాంట్రియల్ కన్వెన్షన్ లేదు, బ్యాగుకి గరిష్ఠం ఒక్కొక్కరికి 20,000 రూపాయలే. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయినప్పుడు ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసులు గుట్టలుగా పడి ఉండటం అందరం చూశాం. 48 గంటల్లో బ్యాగులు ఇళ్లకి చేర్చమని చివరికి కేంద్రమే చెప్పాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో దుబాయ్ వానలకి ఎమిరేట్స్ దగ్గర దాదాపు 30,000 బ్యాగులు మిగిలిపోయాయి. 2022 వేసవిలో హీత్రూ నుంచి డెల్టా వాళ్లు ప్రయాణికులు లేకుండా ఒక విమానంలో వెయ్యి బ్యాగులే వేసుకుని డెట్రాయిట్ వెళ్లారు. హబ్‌లు ఎలా కుప్పకూలతాయో ఈ మూడూ చూస్తే తెలుస్తుంది. టికెట్లు అమ్ముకునేటప్పుడు ఉన్న శ్రద్ధ బ్యాగులెత్తే మనుషుల్ని పెట్టుకోవడంలో లేదు. నా కోపమంతా అక్కడే.

అమెరికా నుంచి ఢిల్లీలో మారి వైజాగో, బెజవాడో వచ్చేవాళ్లు చెకిన్‌లోనే అడిగి తెలుసుకోండి, బ్యాగు ఢిల్లీలో తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాలా అని. ఆ సంగతి తెలియక నేరుగా వచ్చేసినవాళ్ల బ్యాగులు ఢిల్లీలోనే ఉండిపోతాయి.

కోనసీమ కుర్రాడు:

వచ్చే నెల మా అక్క పెళ్లి సామాను తీసుకుని అమెరికా వెళ్తోంది. కురిడీ కొబ్బరికాయలు పెట్టొచ్చా?

ర్యాంప్ డ్యూటీ:

వద్దు తమ్ముడూ. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. 2022 నుంచి ఇండియాలో చెకిన్ బ్యాగులో కూడా నిషేధం. ఎక్స్‌రేలో కనిపిస్తే బ్యాగు పక్కన పెట్టేస్తారు, విమానం వెళ్లిపోతుంది. పవర్ బ్యాంకుదీ అదే కథ, అది చేతి సంచిలోనే ఉండాలి. పెళ్లి నగలు, మందులు, కాగితాలు అక్క భుజాన ఉండే సంచిలోకే వెళ్లాలి. సూట్‌కేసులో ఎయిర్‌ట్యాగ్ లాంటిది వేసుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. బ్యాగు ఏ ఎయిర్‌పోర్టులో ఉందో మీకే కనిపిస్తుంటే కౌంటర్లో మాట్లాడటం తేలిక.

కృష్ణలంక:

అప్‌డేట్. అమ్మకి మందులు దొరికాయి. ఇర్వింగ్ అక్కా, మీరు చెప్పినట్టే అట్ట వెనక పేరు చదివి చెప్తే డాక్టరు వీడియో కాల్‌లోనే రాసిచ్చారు. మీ మేలు మర్చిపోను.

సూట్‌కేసు కూడా ఇవాళ సాయంత్రం ఇంటికి తెచ్చి ఇచ్చారు, "రష్" ట్యాగుతో. చీరలు, మాత్రలు అన్నీ ఉన్నాయి. ఒక చక్రం మాత్రం పూర్తిగా ఊడిపోయింది, పక్కన అట్ట పగిలింది. తెచ్చిన డ్రైవరు సంతకం పెట్టమంటే అమ్మ పెట్టేసింది. ఇప్పుడు చక్రం సంగతి అడగొచ్చా?

బెజవాడ వకీలు:

అడగొచ్చు. అభ్యంతరం చెప్పకుండా తీసుకుంటే బాగానే అందిందని మొదట అనుకుంటారు, అంతే. అది తప్పని మీరు చూపించొచ్చు. అందిన రోజు నుంచి 7 రోజులు ఉంది, కానీ మీరు ఈ రాత్రే రాయండి. చక్రం దగ్గర నుంచి ఒకటి, ట్యాగు కనిపించేలా మొత్తం పెట్టె ఒకటి, ఫోటోలు తీయండి. ఆలస్యానికి, పాడైనదానికి రెండింటికీ కలిపి ఒకటే మెయిల్ పెట్టినా పర్లేదు, రెండు విషయాలూ విడివిడి పేరాల్లో ఉండాలి. రసీదులు జత చేసి, మొత్తం ఎంతో అంకెలో రాసి, జవాబు ఎప్పటిలోగా కావాలో తేదీ వేసి అడగండి. "తగిన పరిహారం ఇప్పించగలరు" అని వదిలేస్తే వాళ్లు కూపన్ చేతిలో పెడతారు.

జగిత్యాల గల్ఫన్న:

కృష్ణలంక అన్న మెయిలు రాసి పంపిండు. ఇయ్యాల పొద్దుగాల జవాబొచ్చింది, ఫైలు నంబరు ఇచ్చిండ్రు. డబ్బ ఇంక దొరకలే. దొరకకపోతె ఎన్ని దినాలు సూడాలె, తర్వాత యాడికి పోవాలె?

బెజవాడ వకీలు:

అన్నా, డబ్బా రావలసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకోండి. అప్పటికీ రాకపోతే పోయినట్టుగా పరిహారం అడుగుతూ రెండో మెయిల్ పెడదాం. సామాను జాబితా, కొన్న ధరలు ఇప్పటినుంచే రాసిపెట్టుకోండి. గల్ఫ్ షాపు బిల్లులు ఫోన్‌లో ఫోటోలుగా ఉన్నా పనికొస్తాయి. బిల్లు లేని వస్తువుకి సుమారు ధర రాయండి. వాళ్లు వినకపోతే కేంద్ర విమానయాన శాఖ వాళ్ల ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ప్రాంతాన్ని చూసే కమిషన్‌లోనే వేయొచ్చు, జగిత్యాల వాళ్లు హైదరాబాద్ తిరగనక్కర్లేదు. మీ సెలవు అయిపోయి తిరిగి వెళ్లేలోపు ఇంట్లో ఒకరి పేరున అధికార పత్రం రాసివ్వండి. దాని నమూనా నేను తెలుగులో పంపుతాను, మీ వాట్సాప్ నంబరు కృష్ణలంక గారికి ఇవ్వండి.